కడలిపై కయ్యానికి కళ్లెం

2025 ఆగస్టు 11న దక్షిణ చైనా సముద్రంలో స్కార్‌బరో షోల్ అనే పగడపు దిబ్బ వద్ద ఫిలిప్పీన్స్ తీర రక్షక నౌకను వెంటాడుతూ రెండు చైనా నౌకలు ఒకదాన్నొకటి ఢీకొన్నాయి. ఒకటి తీర రక్షక దళానిది, రెండోది డిస్ట్రాయర్ అనే రకం నౌకాదళ యుద్ధనౌక. ఆ దెబ్బకు తీర రక్షక నౌక ముందు భాగం నుజ్జునుజ్జయింది. అంతవరకూ తప్పించుకు తిరిగిన ఫిలిప్పీన్స్ సిబ్బందే రేడియోలో పిలిచి, వైద్య సాయం చేస్తామన్నారు. ఆ డిస్ట్రాయర్ గుద్దింది ఫిలిప్పీన్స్ నౌకనే అయి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటేనే గుండె ఝల్లుమంటుంది.

ఈ భయం ఉత్తిది కాదు. ఉద్దేశపూర్వక చర్యలో తమ పౌరుడు చనిపోతే అది యుద్ధ చర్యకు చాలా దగ్గరగా ఉంటుందని ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు ఫెర్డినాండ్ మార్కోస్ జూనియర్ 2024 మే నెలాఖరున సింగపూర్ భద్రతా సదస్సులో చెప్పారు. 1951 నాటి పరస్పర రక్షణ ఒప్పందం ఫిలిప్పీన్స్ తీర రక్షక నౌకలకూ వర్తిస్తుందని అమెరికా పదేపదే ప్రకటిస్తోంది. నడి సముద్రంలో ఒక నౌకాధికారి తొందరపాటు రెండు అణ్వస్త్ర దేశాలను ముఖాముఖి నిలబెట్టగలదన్నమాట. మార్కోస్ ఆ మాటన్న మూడు వారాల్లోపే, జూన్ 17న, సెకండ్ థామస్ షోల్ వద్ద అంత పనీ కాబోయింది. 1999లో ఫిలిప్పీన్స్ కావాలనే ఆ పగడపు దిబ్బకెక్కించి నిలిపిన సియెర్రా మాడ్రే అనే పాత నౌకలో ఆ దేశ సైనికులు కాపలా ఉంటున్నారు. వారికి సరుకులు తీసుకెళ్తున్న చిన్న పడవలను చైనా తీర రక్షకులు గొడ్డళ్లు, కత్తులతో చుట్టుముట్టారు. ఆ పెనుగులాటలో ఒక ఫిలిప్పీన్స్ నావికుడి బొటనవేలు తెగిపోయింది. పోయింది వేలు కాబట్టి సరిపోయింది.

జలాలపై హక్కు ఎవరిదన్న విషయంలో చట్టం తేల్చాల్సింది చాలావరకు తేల్చింది. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల వరకే దేశ ప్రాదేశిక జలాలు. 200 మైళ్ల వరకు మత్స్య, ఖనిజ సంపదపై హక్కు ఉంటుంది గానీ ఇతర దేశాల నౌకల రాకపోకలను అడ్డుకునే అధికారం ఉండదు. 1982 నాటి ఐక్యరాజ్య సమితి సముద్ర చట్టాన్ని ఆమోదించిన చైనాయే, దాదాపు సముద్రమంతా తనదనే వాదనకు ఆధారం లేదని 2016 జులై 12న అంతర్జాతీయ మధ్యవర్తిత్వ ట్రైబ్యునల్ ఇచ్చిన తీర్పును తోసిపుచ్చింది. ఈ విషయంలో ప్రధాన దోషం బీజింగ్‌దేనని చెప్పడానికి మేము సందేహించం. అదే చట్టం పేరు చెప్పి యుద్ధనౌకలు నడిపే అమెరికా దాన్ని నేటికీ ఆమోదించకపోవడం కూడా పొరపాటే.

అయితే దిబ్బల యాజమాన్యం తగవు తెగేదాకా ప్రాణాలను గాలికొదలలేం. ఇందుకు చరిత్రలో దారి ఉంది. 1967 మేలో జపాన్ సముద్రంలో అమెరికా డిస్ట్రాయర్ వాకర్‌ను వరుసగా రెండు రోజులు రెండు సోవియట్ నౌకలు రాసుకుపోయాయి. అలాంటి ఉదంతాలతో విసిగి ఆ రెండు దేశాలు 1972 మే 25న మాస్కోలో ఒప్పందం చేసుకున్నాయి. ఎదుటి నౌక మీదికి ఫిరంగులు, క్షిపణి లాంచర్లు గురిపెట్టకూడదు, దాన్ని నడిపే అధికారులుండే బ్రిడ్జి మీద సెర్చిలైట్లు వేయకూడదు, ఏం చేయబోతున్నదీ ముందే సంకేతాలతో చెప్పాలి, ఏటా కూర్చుని జరిగినవి మాట్లాడుకోవాలి. శత్రుత్వం తగ్గలేదు. 1988 ఫిబ్రవరిలో నల్ల సముద్రంలో సోవియట్ నౌకలు అమెరికా నౌకలను కావాలనే గుద్దాయి కూడా. అయినా ఒక్క తూటా పేలలేదు.

చైనా, అమెరికా, ఫిలిప్పీన్స్ సహా 21 దేశాల నౌకాదళాలు 2014లో చింగ్‌డావ్‌లో ఇలాంటి నియమావళికే ఒప్పుకున్నాయి. కానీ అది పాటించి తీరాల్సిన చట్టం కాదు, పైగా నౌకాదళాలకే పరిమితం. ఈనాడు జలఫిరంగులు పేల్చుతున్నది, దారికి అడ్డుపడుతున్నది ఎక్కువగా తెల్ల రంగు తీర రక్షక నౌకలు, చేపల పడవల రూపంలో తిరిగే సముద్ర మిలీషియా, అంటే చైనా ప్రభుత్వం వెనకుండి నడిపే దళం. చైనా తీర రక్షక దళం 2018 నుంచి సైనిక నాయకత్వం కిందే ఉంది. అలాంటప్పుడు సైనిక నియమాలు దానికి వర్తించవనడం ఏం న్యాయం?

మాట్లాడుకుంటే ఫలితం ఉంటుందని ఆ సెకండ్ థామస్ షోలే రుజువు చేసింది. బొటనవేలు తెగిన నెల రోజులకే, 2024 జులైలో, సరుకుల రవాణాపై మనీలా, బీజింగ్ తాత్కాలిక అవగాహనకు వచ్చాయి. ఆ తర్వాత పడవలు సియెర్రా మాడ్రేకు చేరుతున్నాయి. 2002లో ప్రకటనతో సరిపెట్టిన ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్, చైనాలు అసలు ప్రవర్తనా నియమావళిని మూడేళ్లలో ముగిస్తామని 2023లో గడువు పెట్టుకున్నాయి. ఆ పత్రం తీర రక్షక నౌకలను, మిలీషియా పడవలను పేరుపెట్టి కట్టడి చేయాలి, కట్టుబడి తీరాల్సినదిగా ఉండాలి. ఆ రెండూ లేకుండా నాయకులు సంతకాలు చేస్తే, 2012 నుంచి చైనా కాపలాలో ఉన్న స్కార్‌బరోలో తాతల నాటి నుంచి వేటాడుతున్న ఫిలిప్పీన్స్ జాలరి, మర్నాడూ జలఫిరంగి ఎదుటే వల విసరాల్సి వస్తుంది.