అమ్మా, కొంచెం ఫ్రేములోంచి జరగండి

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో 187 మంది ఉన్నారు. శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు, షుగరుకి మెంతుల వైద్యం. వీటి మధ్య దసరాకి ముందు ఒక లింకు పడింది. "ఎవరికీ తెలియని 25 అందమైన దీవులు. జనం ఎగబడకముందే చూసొచ్చేయండి!" పంపింది మా బావమరిది. కింద సొంతంగా ఒక ముక్క తగిలించాడు: "ప్లీజ్, ఎవరికీ షేర్ చేయొద్దు."

187 మందికి చెప్పి, ఎవరికీ చెప్పొద్దన్నాడు. మా ఇంట్లో రహస్యాలన్నీ ఇలాగే కాపాడబడతాయి. రెండో నిమిషంలో మా పెద్దత్తయ్య దాన్ని తన వాకింగ్ గ్రూపుకి పంపేసింది.

నేను చిత్రకొండలో ఉంటాను. ఒడిశా మ్యాపులో కింది కొసన వేలాడే మల్కనగిరి జిల్లా. టీవీలో వాతావరణం చెప్పే అమ్మాయి మోచేయి సరిగ్గా మా మీదే ఉంటుంది. మాకు వాన పడుతుందో లేదో ఇంతవరకు టీవీలో చూసి ఎరగం. అయినా దీవుల గురించి మాట్లాడే అర్హత నాకు ఉంది. మా డాబా ఎక్కితే దీవులే కనిపిస్తాయి. అవి ఆ 25లో లేవు. ఎందుకు లేవో తర్వాత చెబుతాను. ముందు ఆ జాబితా సంగతి చూద్దాం.

మొదటి దీవి ట్రిస్టన్ డ కున్యా. దక్షిణ అట్లాంటిక్ నడిసముద్రంలో ఉంది. మనుషులు కాపురముండే దీవుల్లో ప్రపంచంలోకెల్లా మారుమూలది. విమానం దిగే జాగా లేదు. కేప్‌టౌన్ నుంచి ఓడలో వారం రోజులు, అదీ సముద్రం మంచి మూడ్‌లో ఉంటే. ఇది ఎవరికీ తెలియదట. అక్కడ రెండు వందల పైచిలుకు మంది ఉన్నారు కదయ్యా, వాళ్లకి తెలియదా? వాళ్లకి ఎంత బాగా తెలుసంటే, ఊరు మొత్తానికి ఉన్న ఇంటిపేర్లు పదికి మించవు. అక్కడ సంబంధం కుదర్చమంటే మన పెళ్లిళ్ల పేరయ్య తిరుగు ఓడ ఎక్కేస్తాడు. 1961లో అగ్నిపర్వతం బద్దలైతే అందర్నీ ఇంగ్లండ్ తీసుకెళ్లారు. ఇళ్లిచ్చారు, ఉద్యోగాలిచ్చారు, బస్సులూ టీవీలూ చూపించారు. వాళ్లు రెండేళ్లు మర్యాదగా అన్నీ చూసి, 1963లో దాదాపు అందరూ ఓడెక్కి తమ బంగాళాదుంప మళ్ల దగ్గరికి వెళ్లిపోయారు. అలాంటివాళ్ల ముందు నిలబడి మా బావమరిది, "మీ దీవి ఎవరికీ తెలియదండీ" అని చెప్పాలి. అది చెప్పడానికి కూడా ముందు వాళ్ల కౌన్సిల్‌కి అర్జీ పెట్టుకోవాలి. వాళ్లు సరేనంటేనే దిగనిస్తారు. ఆధార్‌లో అడ్రసు మార్చుకోవడం నాలుగేళ్లుగా వాయిదా వేస్తున్నవాడు మా బావమరిది. కాబట్టి ట్రిస్టన్ వాసులు ప్రస్తుతానికి క్షేమం.

ఈ జాబితాలు రాసేవాళ్లకి ఇంకో ఇష్టమైన మాట ఉంది. "మానవ పాదం మోపని తీరం." ఆ మాట కింద ఫొటోలో ఓ అమ్మాయి పెద్ద టోపీ పెట్టుకుని వీపు చూపిస్తూ నిలబడి ఉంటుంది. ఆమె పాదాలు ఎక్కడ మోపినట్టు? ఫొటో తీసినాయన గాల్లో తేలుతున్నాడా?

సరే, మోపారే అనుకుందాం. ఆ తర్వాత ఏమవుతుందో తెలుసుకోవడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. థాయ్‌లాండ్‌లో మాయా బే అని చిన్న తీరం. ఓ హాలీవుడ్ సినిమా పుణ్యమా అని అది "ఎవరికీ తెలియని స్వర్గం"గా లోకమంతా తెలిసిపోయింది. రోజుకి 5,000 మంది దాకా వెళ్లి ఏకాంతాన్ని అనుభవించారు. పగడపు దిబ్బలు నాశనమై, 2018లో తాళం వేస్తే మళ్లీ 2022లో తీశారు. ఫిలిప్పీన్స్‌లో బొరాకయ్‌ని కూడా 2018లోనే ఆరు నెలలు మూసేశారు. ఆ దేశాధ్యక్షుడు దాన్ని మురికి గుంట అన్నాడు. అది కూడా ఏదో ఒక జాబితాలో పదో పన్నెండో నంబరు అయ్యుంటుంది.

ఎవరూ వెళ్లకపోతే బాగుంటుందంటారా? హెండర్సన్ దీవి చూడండి. పసిఫిక్‌లో పిట్‌కెయిర్న్ దగ్గర ఉంది. దగ్గర అంటే 190 కిలోమీటర్ల పైమాటే. మనిషి లేడు. 1988 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. 2017లో శాస్త్రవేత్తలు లెక్క చెప్పారు: ఆ దీవి మీద 3 కోట్ల 70 లక్షలకు పైగా ప్లాస్టిక్ ముక్కలున్నాయి. ఓ పీత మొహానికి రాసుకునే క్రీము డబ్బాలో కాపురం పెట్టింది. మనిషి కాపురం పెట్టలేదు, మనిషి టూత్‌బ్రష్ పెట్టింది.

ఇవన్నీ గ్రూపులో రాద్దామని టైప్ చేస్తుంటే మా బావమరిది ఫోన్ చేశాడు. 25 దీవులకీ వీసా, టికెట్టు, హోటలు లెక్కేసుకున్నాడట. లెక్క తేలాక బావ ఊరు గుర్తొచ్చింది.

"బావా, మీ ఊళ్లో కూడా ఐలాండ్స్ ఉన్నాయి కదా! ఇన్నాళ్లూ గోల్డ్‌మైన్ మీద కూర్చుని చెప్పలేదేంటి?"

"ఒరేయ్, అవి డ్యామ్ కట్టాక మిగిలిన కొండలురా."

"పర్లేదు బావా, డ్యామ్ కనపడకుండా తీస్తా."

అన్నట్టే భద్రాచలం, చింతూరు, మోటు మీదుగా కారేసుకుని వచ్చేశాడు. మూడు టోపీలు, రెండు కెమెరాలు, ఒక డ్రోను. డ్రోను మాత్రం పెట్టెలోనే ఉంచమన్నాను. మా ఆకాశంలో ఏదైనా ఎగిరితే ముందు క్యాంపుల్లో ఉన్న జవాన్లు తలెత్తి చూస్తారు. ఆ తర్వాత వాళ్లు చూసేది మా బావమరిదినే.

మోటారు పడవ మాట్లాడుకున్నాం. మాట్లాడుకున్నది మేమే అయినా, ఎక్కింది పద్నాలుగు మంది. ఇక్కడ పడవ కదులుతోందంటే అటువైపు పోయే వాళ్లందరిదీ. మా పక్కన ఒక ముసలామె కూర్చుంది. రేషన్ బియ్యం బస్తా, చీర అంచు చింపి కాళ్లు కట్టిన రెండు కోళ్లు. రేషన్ కార్డుని ఖాళీ నూనె ప్యాకెట్టులో పెట్టి, నాలుగు మడతలు మడిచి నడుములో దోపుకుంది. దారి పొడుగునా ఒక చెయ్యి బస్తా మీద, ఒక చెయ్యి నడుము మీద. మా బావమరిది చూపు మాత్రం నీళ్ల మీదే ఉంది. "మాల్దీవ్స్ పనికిరాదు బావా" అన్నాడు.

దిగాం. కర్ర స్టాండు నిలబెట్టాడు. వెనక నీళ్లు, కొండ, నాలుగు చెట్లు.

మొదటి టేకు. "హాయ్ గైస్, నా వెనక కనిపిస్తున్న ఈ దీవిలో ఒక్క మనిషి కూడా..." కోడి అరిచింది.

రెండో టేకు. "ఒక్క మనిషి కూడా లేని ఈ..." ఓ కుర్రాడు పదకొండు మేకల్ని తోలుకుంటూ వెనకనుంచి పోయాడు. పోయినవాడు పోకుండా ఆగి కెమెరాలోకి చూశాడు. మేకలు కూడా ఆగి చూశాయి.

మూడో టేకు. ఇద్దరు మనుషులు రేకుల కట్ట మోసుకుంటూ గట్టెక్కారు. ఎవరో ఇల్లు కట్టుకుంటున్నారు. ఒక్క మనిషి కూడా లేని దీవిలో ఇల్లు! రేకులు ఎండకి తళుక్కుమని లెన్సులో కొట్టాయి. మా బావమరిది టోపీ మార్చాడు, టోపీ తప్పయినట్టు.

నాలుగో టేకుకి ముసలామె అలిసిపోయి, సరిగ్గా వాడి వెనకాలే బస్తా మీద కూర్చుని చుట్ట ముట్టించింది. అక్కడికి వాడి ఓపిక అయిపోయింది. అయినా మర్యాదగానే అడిగాడు.

"అమ్మా, కొంచెం ఫ్రేములోంచి జరగండి."

ఆమెకి తెలుగు కొద్దిగా వచ్చు, ఫ్రేము రాదు. నన్ను చూసింది. ఫొటో అని చెప్పాను. వెంటనే చుట్ట ఆర్పి చెవి వెనక పెట్టుకుంది. చెంగు సర్దుకుంది, తల మీద నీళ్లు రాసుకుంది, నూనె ప్యాకెట్టు విప్పి కార్డు తీసి గుండెల మీద పెట్టుకుని నిలబడింది. విషయం ఏమిటంటే, రేషన్ దగ్గర మిషన్ ఆమె వేలిముద్ర పట్టలేదట. ముఖం ఫొటో తీయాలి, మనిషి వస్తాడు అని చెప్పారట. కెమెరాతో ఒక మనిషి వచ్చాడు. "ఈ బాబేనా?" అంది.

మా బావమరిది, "ఏమంటోంది బావా?" అన్నాడు.

"నిన్ను ఆఫీసరనుకుంటోంది."

"చెట్టు వెనక కూర్చోమను బావా, రెండు నిమిషాలు."

తిరుగు పడవలో వాడు ఇంకో మాటన్నాడు. దూరంగా బ్రిడ్జి కనిపిస్తుంటే పెదవి విరిచి, "ఇది కట్టి లొకేషన్ పాడుచేశారు బావా. ఇది లేకపోతే ఆ లిస్టులో టాప్ టెన్‌లో ఉండేది" అన్నాడు.

వాడు నా భార్యకి తమ్ముడు. పడవ నీళ్ల మధ్యలో ఉంది. అందుకని ఏమీ అనలేదు. ఇప్పుడు అంటాను.

నాయనా, ఆ బ్రిడ్జి పేరు గురుప్రియ. పొడుగు 910 మీటర్లు. మెల్లగా నడిచినా పావుగంట పట్టదు. ఆ పావుగంట దూరానికి ఇక్కడి జనం దాదాపు 50 ఏళ్లు ఎదురుచూశారు. సీలేరు మీద బలిమెల డ్యామ్ కట్టినప్పుడు 151 ఊళ్లు నీళ్లకి అవతల పడిపోయాయి. పల్లం పొలాలు మునిగాయి, కొండలు దీవులయ్యాయి. ప్రభుత్వం ఆ ఊళ్లన్నిటికీ కలిపి కటాఫ్ ఏరియా అని పేరు పెట్టింది. పేరులోనే కోసి పారేసింది. 1980లలో మొదలైన బ్రిడ్జి మాట 2018 జులైలో బ్రిడ్జి అయింది. ఆ రోజుల్లోనే పేరు కూడా స్వాభిమాన్ అంచల్ అని మార్చారు. ఘాట్‌లో పడవవాడు మాత్రం ఇప్పటికీ "కటాఫ్, కటాఫ్" అనే అరుస్తాడు.

ఆ నీళ్లతో తిరిగే టర్బైన్లు 510 మెగావాట్లవి. ఎవరి పొలాల మీద ఆ నీళ్లు నిలబడ్డాయో వాళ్లింట్లో మాత్రం దశాబ్దాల తరబడి కిరోసిన్ బుడ్డి. నొప్పులొచ్చిన మనిషిని మంచం మీద మోసుకొచ్చి గట్టున పెట్టుకుని లాంచి కోసం చూడాలి. లాంచి పోయిందా, రేపే. నొప్పులు రేపటిదాకా ఆగుతాయా? చెక్కుచెదరని ప్రకృతట! చెదరనిది ప్రకృతి కాదురా, అక్కడికి రాని డాక్టరు. రాని కరెంటు. రాని టీచరు. దాన్ని అందం అంటున్నావు నువ్వు. సిగ్గుండాలి. నాకూ ఉండాలి. మా నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చింది ఆ డ్యామ్‌కి మట్టి మోయడానికే. ఆ కూలి డబ్బులతోనే నేను చదువుకున్నాను.

అప్పుడు మా దీవుల్ని ఏ జాబితాలోనూ ఎక్కించలేదు. 2008 జూన్‌లో ఇదే రిజర్వాయర్‌లో ఆంధ్రా పోలీసుల గ్రేహౌండ్స్ దళం లాంచి మీద మావోయిస్టులు దాడి చేసి, ముప్పై మందికి పైగా చనిపోయినప్పుడు పేపర్లో మొదటి పేజీకి ఎక్కాం. తర్వాత మళ్లీ టీవీ అమ్మాయి మోచేయి కిందికి వెళ్లిపోయాం.

డాక్టరు రాని దీవి చివరికి ఏమవుతుందో తెలుసా? స్కాట్లండ్ దగ్గర సెయింట్ కిల్డా అని ఉంది. 1930 జనవరిలో అక్కడి యువతి ఒకామె జబ్బుపడి చనిపోయింది. మమ్మల్ని ఇక్కణ్ణుంచి తీసుకెళ్లిపోండి అని ఊరివాళ్లే రాసుకున్నారు. ఆగస్టు 29న మిగిలిన 36 మందీ ఓడెక్కేశారు. ఇప్పుడు టూరిస్టులు పడవల్లో వెళ్లి ఆ ఖాళీ ఇళ్ల ముందు నిలబడి, ఎంత ప్రశాంతంగా ఉందో అనుకుంటారు.

వాళ్లు అడిగి వెళ్లారు. హిందూ మహాసముద్రంలో చాగోస్ వాళ్లని అడగను కూడా లేదు. డియెగో గార్సియాలో అమెరికాకి సైనిక స్థావరం కావాలని, 1968 నుంచి 1973 లోపు బ్రిటన్ ఆ దీవుల్లోంచి 1,500 మందికి పైగా జనాన్ని ఖాళీ చేయించింది. వాళ్ల పెంపుడు కుక్కల్ని పట్టి చంపేశారు. 2010లో ఆ చుట్టూ ఉన్న సముద్రాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. నీళ్లు అద్దంలా ఉంటాయట. జాబితాలో పంతొమ్మిదో నంబరు. నేను చూశాను. "జనసంచారం లేదు" అని మెచ్చుకున్నారు.

అమ్మా, కొంచెం ఫ్రేములోంచి జరగండి.

రీలు నిన్న రాత్రి వచ్చింది. "సీక్రెట్ ఐలాండ్. లొకేషన్ అడక్కండి." మా గ్రూపులో 187 మందీ చూశారు. మా ఆవిడ హార్టు కూడా పెట్టింది. నేను ఆపి ఆపి చూశాను. నీళ్లు ఉన్నాయి, కొండ ఉంది, నాలుగు చెట్లున్నాయి. చెట్టు వెనకనుంచి బియ్యం బస్తా మూల కొంచెం కనిపించాలి కదా అని వెతికాను. లేదు. ఫోన్ చేసి అడిగాను.

"అది యాప్‌లో ఎరేజ్ చేశా బావా" అన్నాడు. "వేలితో ఇలా రుద్దితే పోయింది."