"దీవుల జనం చేసేదంతా ఫొటోల కోసమే" అన్న మాటకి నా జవాబు

పర్యావరణం పేరుతో చిన్న చిన్న దీవుల్లో జనం చేస్తున్నదంతా ఫొటోల కోసమే అని మొదలయ్యే మెసేజ్ ఒకటి ఈ మధ్య బాగా తిరుగుతోంది. అందులో వాదన ఇది: ప్రపంచ కాలుష్యంలో దీవుల వాటా లెక్కలోకి రాదు కాబట్టి వాళ్లు మారినా ఒరిగేదేమీ లేదు, "వంద శాతం పచ్చ కరెంటు" అనేది అబద్ధం, వెనకాల డీజిల్ కాలుతూనే ఉంటుంది, ఖర్చంతా బయటివాళ్లు పెట్టిందే, చేపలు పట్టొద్దనడం పేదవాడి పొట్ట కొట్టడం, బీచ్‌లో చెత్త ఏరడం దండగ, అసలు ఇవన్నీ బయటి నిపుణులు వచ్చి నేర్పినవే. చదవగానే నిజమే కదా అనిపించేలా రాశారు. ఒకటి రెండు చోట్ల నిజం కూడా ఉంది, ఒప్పుకుంటాను. కానీ మొత్తం మీద తప్పు. పైగా ఏమీ చేయకుండా కూర్చోవడానికి మనందరికీ ఒక సాకు చేతికిస్తోంది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మొదటిది, "వాళ్ల వాటా ఎంతని?"

వాటా చాలా చిన్నదే. కానీ ఆ దీవుల వాళ్లు ఇదంతా ప్రపంచ ఉష్ణోగ్రత తగ్గిద్దామని మొదలుపెట్టారని ఎవరు చెప్పారు? స్కాట్లాండ్ పశ్చిమ తీరంలో ఐగ్ అనే దీవి ఉంది. జనాభా వంద చిల్లర. ప్రధాన భూభాగం నుంచి కరెంటు లైన్ లేదు. 2008 ఫిబ్రవరి దాకా అక్కడి ఇళ్లలో ఎక్కువ భాగం సొంత డీజిల్ జనరేటర్ల మీదే బతికాయి. డీజిల్ పడవలో రావాలి, సముద్రం బాగోకపోతే పడవ రాదు, వచ్చినా దాన్ని ఇంటిదాకా మోసుకోవాలి, ఖర్చు భరించలేక గంటల లెక్కన నడుపుకోవాలి. జనరేటర్ ఆపితే ఫ్రిజ్ ఆగిపోతుంది. ఆ టెన్షన్ పడలేక వాళ్లంతా కలిసి వాగుల మీద చిన్న జలవిద్యుత్ యంత్రాలు, నాలుగు చిన్న గాలిమరలు, సోలార్ పలకలు, బ్యాటరీలు పెట్టుకుని దీవికి సొంత గ్రిడ్ వేసుకున్నారు. ఇప్పుడు రోజంతా కరెంటు ఉంటుంది, అందులో దాదాపు 90 శాతం నీరు, గాలి, ఎండ నుంచి వచ్చేదే.

అందులో నాకు బాగా నచ్చిన సంగతి వాళ్లు పెట్టుకున్న హద్దు. ఒక ఇల్లు ఒకేసారి 5 కిలోవాట్లకు మించి వాడకూడదు, వ్యాపారమైతే 10. కెటిల్‌లో నీళ్లు మరుగుతుండగా వాషింగ్ మెషిన్ వేస్తే దాదాపు ఆ హద్దుకి వచ్చేసినట్టే, ఇంకో హీటర్ కూడా ఆన్ చేస్తే ఆ ఇంట్లో కరెంటు పోతుంది. డబ్బున్నవాడికైనా లేనివాడికైనా హద్దు అదే. కాబట్టి టీ అయ్యాక బట్టలు వేస్తారు, అంతే. వానలు, గాలులు బాగా ఉండి కరెంటు మిగిలిపోతే అది ఊరి హాల్లో, చర్చిల్లో హీటర్లకి వెళుతుంది. ఇది ఫొటోల కోసం చేసే పని కాదు, ఫొటోలో కనిపించదు కూడా.

రెండోది, "వంద శాతం అనేది అబద్ధం."

ఇక్కడ మెసేజ్ రాసినవాళ్ల మాటలో సగం నిజం ఉంది. పత్రికల్లో హెడ్డింగులు చాలాసార్లు అతిగానే ఉంటాయి. డెన్మార్క్‌లోని సామ్సో దీవినే తీసుకోండి. సంవత్సరం మొత్తం మీద లెక్క వేసి, తాము వాడిన ఇంధనాల కంటే ఎక్కువ పవన విద్యుత్తు బయటికి పంపాం కాబట్టి లెక్క సరిపోయింది అంటారు. దీవి మీద కార్లు, ట్రాక్టర్లు, దీవికి వచ్చే ఫెర్రీలు ఇంధనం కాలుస్తూనే ఉన్నాయి. ఈ సంగతి అక్కడివాళ్లు దాచలేదు, హెడ్డింగులో పట్టలేదంతే.

స్పెయిన్‌కి చెందిన ఎల్ హియెర్రో దీవిలో గాలిమరలు ఎక్కువ కరెంటు ఇచ్చినప్పుడు ఆ మిగులుతో నీళ్లని పైన అగ్నిపర్వత బిలంలో ఉన్న జలాశయానికి తోడతారు, గాలి తగ్గినప్పుడు ఆ నీళ్లని 600 మీటర్లకు పైగా కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. 2014లో ప్రారంభించినప్పుడు దీవి మొత్తం దీని మీదే నడుస్తుందని ప్రచారం జరిగింది. ఏడాది సగటు చూస్తే సగం చుట్టుపక్కలే వచ్చింది, మిగతాది డీజిలే. ఇది నిజం. 2019 వేసవిలో వరసగా 24 రోజులపాటు సుమారు 11 వేల మంది ఉన్న ఆ దీవి ఒక్క చుక్క డీజిల్ కాల్చకుండా నడిచింది. ఇదీ నిజమే. మెసేజ్‌లో మొదటి నిజం మాత్రమే ఉంది. నూటికి యాభై మార్కులు తెచ్చుకున్నవాణ్ణి సున్నా తెచ్చుకున్నవాడి పక్కన నిలబెట్టి ఇద్దరూ ఒకటే అనడం ఏ లెక్క?

మూడోది, "ఖర్చంతా బయటివాళ్లదే."

ఐగ్ గ్రిడ్‌కి అయిన ఖర్చులో పెద్ద భాగం యూరోపియన్ యూనియన్, లాటరీ నిధుల లాంటి చోట్ల నుంచి వచ్చిన గ్రాంట్లే. అంతకుముందు 1997లో దీవి జనం ట్రస్టు పెట్టుకుని దీవి మొత్తాన్ని 15 లక్షల పౌండ్లకి భూస్వామి చేతిలోంచి కొన్నప్పుడు కూడా ఎక్కువ భాగం విరాళాలే. కాదనను. అయితే ఊళ్లకీ నగరాలకీ కరెంటు లైన్లు వేసింది ఎవరి డబ్బుతో? ఎక్కువ చోట్ల అదీ ప్రజల సొమ్మే. వంద మంది ఉన్న దీవికి లైన్ వేయడం గిట్టదని పెద్ద సంస్థలు పక్కన పెట్టిన చోట ఆ సాయం వేరే దారిలో వచ్చింది.

నా దృష్టిలో అసలు అడగాల్సింది డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందని కాదు, వచ్చిన తర్వాత ఆ వస్తువు ఎవరిదైంది అని. ఎవరో వచ్చి సోలార్ పలకలు పెట్టి, రిబ్బన్ కోసి, వెళ్లిపోతే బ్యాటరీ పోయిన రోజున దాన్ని పట్టించుకునే నాథుడుండడు. ఐగ్‌లో గ్రిడ్ దీవి ట్రస్టుకి చెందిన సంస్థదే, రోజువారీ మరమ్మతులు చూసేది శిక్షణ తీసుకున్న దీవి మనుషులే.

సామ్సో సంగతి ఇంకా స్పష్టంగా ఉంటుంది. 1997లో అక్కడి ప్రభుత్వం పెట్టిన పోటీలో గెలిచి "పునరుత్పాదక శక్తి దీవి" అనిపించుకున్నప్పుడు బహుమతిగా డబ్బు మూటలేమీ రాలేదు. పవన విద్యుత్తుని ఇంత ధరకి కొంటామని అప్పట్లో దేశమంతటా ఉన్న హామీయే వాళ్లకీ ఉండేది. నేల మీద 11 గాలిమరలు పెట్టారు. వాటిలో రెండు సహకార పద్ధతిలో చిన్న చిన్న వాటాలు కొన్న వందల మందివి, మిగతావి రైతులవి. సముద్రంలో పెట్టిన 10లో 5 స్థానిక మున్సిపాలిటీవి. అంటే తమ పొలం నుంచి గాలిమర కనిపిస్తున్నవాళ్లలో చాలామందికి ఆ రెక్క తిరిగినప్పుడల్లా తమ ఖాతాలో ఎంతో కొంత పడుతుంది. ఇంటి ముందు గాలిమర వద్దని గొడవపడే మనిషి, అందులో తనకీ వాటా ఉన్నప్పుడు ఈ పూట గాలి ఎలా ఉందని చూస్తాడు. ఇళ్లు వెచ్చబెట్టడానికి కూడా పొలాల్లో మిగిలిన గడ్డిని కాల్చి, వేడినీళ్లని పైపుల్లో ఇంటింటికీ పంపే ఏర్పాటు చేసుకున్నారు. ఆ గడ్డి అమ్మేది దీవి రైతులే.

"చిన్న చోటు కాబట్టి అందరూ ఒకే మాట మీద ఉంటారు" అని కూడా కొందరు కింద రాస్తున్నారు. చిన్న చోట్లో బతికినవాళ్లెవరూ ఆ మాట అనరు. రోజూ మొహాలు చూసుకోవాల్సిన చోట గొడవలు ఇంకా లోతుగా ఉంటాయి. సామ్సోలో సోరెన్ హెర్మన్సెన్ అనే స్థానికుడు, టీచర్‌గా పనిచేసిన మనిషి, ఏళ్ల తరబడి మీటింగులు పెడుతూ, ఊళ్లో నలుగురూ ఎవరి మాట వింటారో వాళ్లని కలుస్తూ తిరిగితే గానీ పని కదల్లేదు.

నాలుగోది, "వేట ఆపమంటే పేదవాడి పొట్ట కొట్టినట్టే." ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఫిలిప్పీన్స్‌లోని రెండు చిన్న దీవులు గుర్తొస్తాయి.

ఒకటి సుమిలోన్. 1974లో దాని చుట్టూ ఉన్న పగడపు దిబ్బల్లో దాదాపు నాలుగో వంతులో వేట నిషేధించారు. సిల్లిమాన్ విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రవేత్త ఏంజెల్ అల్కాలా దాని వెనక ఉన్నారు. పదేళ్లు బాగానే సాగింది. స్థానిక రాజకీయాలు మారాయి, 1984 నాటికి నిషేధం కూలిపోయింది, ఆ నాలుగో వంతులో కూడా వలలు పడ్డాయి. ఈ మెసేజ్ లెక్క ప్రకారమైతే చోటు పెరిగింది కాబట్టి చేపలు ఎక్కువ పడాలి. జరిగింది వేరు. దిబ్బ మొత్తం మీద పడే చేపలు సగానికి పైగా తగ్గిపోయాయి. నిషేధం ఉన్నప్పుడు మూడు వంతుల చోట్లో దొరికినవి, నాలుగు వంతులూ తెరిచాక దొరకలేదు. అల్కాలా, మరో శాస్త్రవేత్త గ్యారీ రస్ కలిసి 1990లో దీన్ని ప్రచురించారు.

ఎందుకలా అంటే, వదిలేసిన చోట చేప ముసలిదవుతుంది, పెద్దదవుతుంది. ఒక పెద్ద తల్లిచేప పెట్టే గుడ్లు చాలా చిన్న చేపలు కలిసి పెట్టేవాటితో సమానం. అక్కడ ఇరుకైపోయిన చేపలు మెల్లగా అంచు దాటి బయటికొస్తాయి, జాలరి అక్కడే గాలం వేసుకుని కూర్చుంటాడు. విత్తనాల గాదె ముట్టుకోని రైతు కథే ఇది, నీళ్లలో జరుగుతోంది అంతే.

రెండోది ఆపో. ఇక్కడ నిషేధం పైనుంచి రాలేదు. ముందు మాటలు, వాదనలు, సుమిలోన్‌కి తీసుకెళ్లి చూపించడాలు (అప్పటికి అక్కడ నిషేధం ఇంకా ఉంది). చివరికి 1982లో జాలర్లే తమ తీరంలో ఒక ముక్కని, వేట చోట్లలో పదో వంతు లాంటిదాన్ని, పక్కన పెట్టారు. కాపలా కూడా వాళ్లే కాశారు. డైనమైట్, సైనైడ్ పెట్టి చేపలు పట్టడాన్ని దీవి చుట్టూ ఆపేశారు. కొన్నేళ్లలోనే ఆ జాలర్లు ఇంటికి దగ్గర్లో, తక్కువ గంటల్లో, సరిపడా చేపలు పట్టుకునే స్థితికి వచ్చారు. పొట్ట కొట్టింది డైనమైట్, నిషేధం కాదు. ఆపో కథ ఫిలిప్పీన్స్‌లో వందల ఊళ్లకి దారి చూపింది.

ఇందులో చేదు సంగతి కూడా చెప్పాలి. 2011లోనూ 2012లోనూ వచ్చిన రెండు తుఫాన్లు ఆ కాపాడుకున్న ముక్కలోని పగడాలని ధ్వంసం చేశాయి. ఎంత కాపలా కాసినా తుఫానుని ఆపలేరు కదా. వేడెక్కుతున్న సముద్రాన్నీ వాళ్లు ఆపలేరు. అంటే మెసేజ్‌లోని మొదటి వాదన ఇక్కడికొచ్చి తిరగబడుతుంది: కాలుష్యంలో దీవుల వాటా చిన్నది అన్న మాట వాళ్లని మానెయ్యమనడానికి కాదు, పెద్ద వాటా ఉన్నవాళ్లని నిలదీయడానికి పనికొచ్చే మాట.

ఐదోది, బీచ్‌లో చెత్త. ఏరినా మళ్లీ వస్తుంది, నిజమే. హిందూ మహాసముద్రంలో సీషెల్స్ దేశానికి చెందిన అల్దాబ్రా దీవుల్లో పరిశోధన కేంద్రం సిబ్బంది తప్ప ఊరే లేదు. అయినా 2019లో ఒక చిన్న వాలంటీర్ల బృందం ఐదు వారాలు కష్టపడి 25 టన్నుల చెత్త ఎత్తింది, ఇంకా 500 టన్నులు మిగిలి ఉండొచ్చని లెక్క తేలింది. బరువు ప్రకారం చూస్తే అందులో ఎక్కువ భాగం చేపల వేట వలలు, తాళ్లు, సామాన్లే, ఆ తర్వాత లెక్కలేనన్ని రబ్బరు చెప్పులు. ఊరే లేని చోటికి అన్ని చెప్పులు ఎక్కడివి? ఏరినవాళ్లు లెక్క రాసిపెట్టారు కాబట్టే చెత్త ఎవరి దగ్గర్నుంచి వస్తోందో అడిగే వీలు కలిగింది. ఈలోపు ఆ ఇసుకలో గుడ్లు పెట్టడానికి వచ్చే తాబేలు వలలో చిక్కుకోకుండా పైకి వెళ్లగలిగింది. దండగ అనే ముందు ఆ తాబేలుని ఒకసారి తలుచుకోండి.

ఇక చివరిది, "బయటి నిపుణులు నేర్పినవే." నాకు కోపం తెప్పించింది ఇదే.

పసిఫిక్ మహాసముద్రంలోని పలావు అనే దీవుల దేశంలో చేపలు గుడ్లు పెట్టే కాలంలో ఫలానా దిబ్బ జోలికి వెళ్లొద్దని పెద్దలు కట్టడి చేసేవారు, దాన్ని "బుల్" అంటారు. ఆ దేశం తన సముద్ర జలాల్లో 80 శాతాన్ని వాణిజ్య వేటకి మూసేస్తూ 2015లో చేసిన చట్టానికి మూలం ఆ పాత కట్టడే. దక్షిణ కొరియాలోని జేజు దీవిలో హెన్యో అనే ఆడవాళ్లు ఆక్సిజన్ సిలిండర్ లేకుండా ఊపిరి బిగబట్టి సముద్రం అడుగుకి వెళ్లి నత్తలు, నాచు తెస్తారు. సిలిండర్ వాడొద్దని వాళ్లే కట్టుబాటు పెట్టుకున్నారు. ఊపిరి ఉన్నంతసేపే ఏరుకుంటే సముద్రంలో కొంత మిగులుతుంది కదా.

హవాయిలోని ఒవాహు దీవిలో హేయియా చేపల చెరువు ఉంది. 600 నుంచి 800 ఏళ్ల కిందట అక్కడి జనం సముద్రం ఒడ్డున రెండు కిలోమీటర్ల పొడవు రాతి గోడ కట్టారు, రెండు వరసల రాళ్ల మధ్య పగడపు ముక్కలు నింపి. గోడలో అక్కడక్కడా తలుపులుంటాయి, వాటికి కర్రల జల్లెడ. ఆటుపోట్లతో చిన్న చేపపిల్ల ఆ సందుల్లోంచి లోపలికి దూరుతుంది, లోపల నాచు తిని లావెక్కాక అదే సందులోంచి బయటికి పోలేదు. 1965లో వరదకి గోడ తెగింది. తర్వాత ఏళ్లలో గోడ మీద మడ చెట్లు అల్లుకుపోయాయి. మడ అడవి అనగానే మనం మంచిదే అనుకుంటాం, కానీ అది ఆ దీవికి బయటి నుంచి తెచ్చిన చెట్టు, దాని వేళ్లు రాళ్లని విడదీసేస్తాయి. పర్యావరణం అనగానే "చెట్లు నాటండి" అనే మాటే ఎక్కువగా వింటాం, అక్కడివాళ్లు మాత్రం ఏళ్ల తరబడి శనివారాలు వచ్చి ఆ చెట్లని కోసి పీకి గోడని బయటపెట్టారు. 2015 డిసెంబర్‌లో ఒక రోజు జనం వరసగా నిలబడి, ఒకరి చేతిలోంచి ఒకరికి రాళ్లు అందించుకుంటూ, యాభై ఏళ్లుగా తెరుచుకుని ఉన్న ఆ గండిని పూడ్చేశారు.