పిల్లల పేరు మీద నవ్వు ఎక్కడ పుడుతోంది?

పుట్టిన బిడ్డకు పేరు వెతికే తల్లిదండ్రులు ఇప్పుడు రెండు కోరికల మధ్య నలుగుతున్నారు. పేరు ఇంకెవరికీ లేనిదై ఉండాలి. ఆ పేరు విని బడిలో ఎవరూ నవ్వకూడదు. మొదటి కోరిక కోసం ఇంటర్నెట్‌లో వేల పేర్లను జల్లెడ పడతారు. నక్షత్ర పాదం చెప్పిన అక్షరంతో మొదలుపెట్టి, సంఖ్యాశాస్త్రం లెక్కకు సరిపోయేలా ఇంగ్లిష్ స్పెల్లింగులో ఒక ‘ఏ’, ఒక ‘హెచ్’ కలుపుతారు. అంతా అయ్యాక నానమ్మో అమ్మమ్మో అడుగుతుంది: ‘ఇదేం పేరమ్మా, బళ్లో పిల్లలు ఏడిపించరూ?’ ఆ పెద్దావిడ భయం ఉత్తది కాదు. పేరు మీద ఎగతాళి పడే పిల్లవాడికి హాజరు పిలిచే ప్రతి ఉదయమూ గండమే. కానీ పేరు అరుదుగా ఉండటం వల్లే ఈ ముప్పు వస్తుందని చాలామంది అనుకోవడం పొరపాటని నా నిశ్చితాభిప్రాయం. ఏ పేరు విని నవ్వాలో పిల్లలకు నేర్పుతున్నది పెద్దలే.

వింత పేర్ల గురించి మాట వచ్చినప్పుడల్లా న్యూజిలాండ్ కేసు ప్రస్తావనకు వస్తుంది. 2008లో న్యూప్లిమత్ కుటుంబ న్యాయస్థానం ముందుకు తల్లిదండ్రుల సంరక్షణ వివాదం ఒకటి వచ్చింది. వారి తొమ్మిదేళ్ల కూతురి పేరు ‘తలులా డస్ ద హులా ఫ్రమ్ హవాయి’. ఎగతాళికి భయపడి ఆ పాప అసలు పేరును స్నేహితుల దగ్గర దాచింది, తనను ‘కే’ అని పిలవమని చెప్పుకుంది. న్యాయమూర్తి రాబ్ మర్ఫిట్ పాపను కోర్టు సంరక్షణలోకి తీసుకుని మరీ పేరు మార్పించారు. ఫ్రాన్స్‌లోని వాలెన్సియెన్ న్యాయస్థానం కూడా ఒక పాపకు చాక్లెట్ ముద్ద బ్రాండు ‘నుటెల్లా’ పేరు పెట్టనివ్వలేదు, దాన్ని ‘ఎల్లా’గా కుదించింది. జపాన్‌లో చైనా లిపి అక్షరాలు రాసి, వాటిని ఎవరూ ఊహించలేని విధంగా పలికే పేర్లు ఎక్కువయ్యాయి. అక్షరాలకు, ఉచ్చారణకు పొంతన ఉండాలనే చట్టం అక్కడ 2025 మేలో అమల్లోకి వచ్చింది.

మన దగ్గరా ఇలాంటి కట్టడి ఉంటే బాగుంటుందని ఇవి చదివినవారికి అనిపించవచ్చు. ఐస్‌లాండ్ అనుభవం అందుకు విరుగుడు. అక్కడ 1991 నుంచి పేర్ల సంఘం ఉంది, ఆమోదిత పేర్ల జాబితా ఉంది. ఒక అమ్మాయికి తల్లి పెట్టిన ‘బ్లైర్’ అనే పేరు వ్యాకరణం ప్రకారం పుంలింగమని సంఘం తిరస్కరించింది. ఆ పిల్లకు పదిహేనేళ్లు వచ్చేదాకా ప్రభుత్వ పత్రాల్లో పేరు ఉండాల్సిన చోట ‘బాలిక’ అనే ఉంది. 2013 జనవరిలో రేక్యవిక్ కోర్టు తీర్పుతో గానీ ఆమె పేరు ఆమెకు దక్కలేదు. అమ్మానాన్నలు పెట్టిన పేరుతో ఏ ఇబ్బందీ లేని పిల్లకు ఇబ్బంది తెచ్చింది కాపాడాల్సిన సంఘమే.

పైగా ఇవన్నీ కోర్టుదాకా వెళ్లిన విపరీతాలు. మామూలు తరగతి గదిలో జరిగేది తెలియాలంటే జర్మనీలో ‘కెవిన్’ కథ చూడాలి. 1991లో ఆ దేశంలో మగపిల్లలకు అందరికన్నా ఎక్కువగా పెట్టిన పేరు అది. అందులో అరుదు లేదు, వింత లేదు. అయినా కాలక్రమంలో చదువూ డబ్బూ తక్కువగా ఉన్న ఇళ్లవాళ్లు పెట్టుకునే పేరుగా దానికి ముద్ర పడింది. 2009లో ఓల్డెన్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఆస్ట్రిడ్ కైజర్ పర్యవేక్షణలో ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులను పిల్లల పేర్ల గురించి అడిగారు. షార్లొట్, అలెగ్జాండర్ వంటి పేర్లు విన్నప్పుడు వారికి బుద్ధిమంతులు గుర్తొచ్చారు. కెవిన్, షాంటాల్, జస్టిన్ అనగానే అల్లరి పిల్లలు, వెనకబడిన పిల్లలు గుర్తొచ్చారు. కెవిన్ అనేది పేరు కాదు, రోగనిర్ధారణ అని ఒక ఉపాధ్యాయుడు రాసిన మాట దేశమంతా పాకింది. పిల్లవాడు నోరు తెరవకముందే, హాజరు పట్టీలో పేరు చూసి టీచరు ఒక అంచనాకు వస్తే, పక్క బల్ల మీది పిల్లలు దాన్ని పసిగట్టడానికి ఎంతసేపు పడుతుంది?

తెలుగు నేల మీద మనకూ మన కెవిన్లు ఉన్నారు. ఉత్తరాంధ్రలో అప్పలనాయుడు, పైడితల్లి. రాయలసీమలో ఓబులేసు, మద్దిలేటి. తెలంగాణలో ఎల్లయ్య, కొమురయ్య. గుంటూరు, నెల్లూరు వైపు మస్తానమ్మ. నల్లగొండ ప్రాంతంలో సైదులు. ఇవేవీ అరుదైన పేర్లు కావు. సింహాచలం అప్పన్న, విజయనగరం పైడితల్లమ్మ, జాన్‌పహాడ్ దర్గా సైదులు, ఇలా ఊరి దేవుళ్ల నుంచి, మొక్కుల నుంచి వచ్చినవి. హిందూ కుటుంబాల్లో మస్తాన్, దస్తగిరి, పీరమ్మ ఉండటం ఈ నేలలో మనుషులు కలిసి బతికిన తీరుకు సాక్ష్యం. పుట్టిన ఊళ్లో ఈ పేర్లకు ఎవరూ నవ్వరు. అదే పేరుతో పిల్లవాడు నగరంలో హాస్టలుకు చేరాక నవ్వు మొదలవుతుంది. ఆ నవ్వు నేర్పినవాళ్లు ఎవరో తెలియాలంటే మన సినిమాలు చూస్తే చాలు. కథానాయకుడికి నాజూకైన సంస్కృత నామం. ఇంట్లో పనివాడికి, తెలివితక్కువ పాత్రకు, దెబ్బలు తినే పాత్రకు అప్పలరాజో, ఎల్లయ్యో, పుల్లయ్యో. దశాబ్దాల తరబడి తెర మీద ఇదే చూపిస్తూ పిల్లలు నవ్వితే పిల్లలనే తప్పుపట్టడం న్యాయం కాదు.

పిల్లలు ఎలాగూ ప్రతి పేరుతోనూ ఆడుకుంటారు. రాముకు పాము, రాజుకు బూజు అని ప్రాస కట్టని బడి ఉండదు. ఆ ఆటలో అందరి పేర్లూ నలుగుతాయి కాబట్టి అది ఎవరినీ ఎక్కువ కాలం బాధించదు. కులాన్ని, పల్లెటూరిని, పేదరికాన్ని పేరులో చూసి నవ్వే నవ్వు వేరు. అది పదేళ్లయినా వదలదు, ఎందుకంటే దాని వెనక పెద్దల లోకం మొత్తం నిలబడి ఉంటుంది. పాత తరంలో బడిలో చేర్చుకునేటప్పుడే హెడ్మాస్టరు ‘ఈ పేరు బాగాలేదు’ అని తనకు తోచిన పేరు రాసేసిన సంగతులు దళితుల ఇళ్లలో, ఆదివాసీల ఇళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. పిల్లవాడి మేలు కోరే కొందరు అలా చేసి ఉండవచ్చు. కానీ ఆ మేలు కింద ‘మీ అమ్మానాన్నలకు పేరు పెట్టడం కూడా రాదు’ అనే తీర్పు దాగి ఉంది.

పెంటయ్య, పెంటమ్మ అన్న పేర్ల దగ్గర కాస్త ఆగాలి. ఇప్పటి పిల్లలకు అంతకన్నా నవ్వొచ్చే పేరు ఉండకపోవచ్చు. వరసగా బిడ్డలు పోయిన ఇంట్లో, ఈ ఒక్కరైనా దక్కాలని, పుట్టిన పసికందును పెంటకుప్ప మీద పడుకోబెట్టి తీసుకునేవారు. విలువ లేనిదనుకుని మృత్యువు వదిలేస్తుందని ఆశ. తవుడుకు అమ్మినట్టు చేసి తవిటయ్య అన్నారు, భిక్షగా అడిగి తెచ్చుకున్నట్టు చేసి భిక్షమయ్య అన్నారు. 1971లో కూడా మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మంది శిశువుల్లో 129 మంది ఏడాది తిరక్కుండా చనిపోయేవారు. 2020 నాటికి అది 28కి తగ్గింది. పెంటయ్యలు తగ్గిపోవడానికి పెద్ద కారణం ఇదే. ఆ పేరున్న తాత పేరు వెనక ఒక తల్లి ఎన్ని పురుళ్ల దుఃఖం మోసిందో మనవడికి చెబితే, ఆ మనవడు బడిలో ఆ పేరు విని నవ్వుతాడని నేననుకోను.

దీనికి సరిగ్గా ఎదురైన పేరు మహారాష్ట్రలో ఉంది. ఆడపిల్ల తర్వాత ఆడపిల్ల పుడితే సాతారా జిల్లాలో కొన్ని కుటుంబాలు ‘నకుశా’ అని పిలిచేవి. అంటే అక్కర్లేనిది. 2011 అక్టోబరులో ఆ జిల్లా యంత్రాంగం ఒక్క కార్యక్రమంలోనే 285 మంది బాలికలకు కొత్త పేర్లు ఇచ్చింది. తమకు నచ్చిన పేర్లు ఆ పిల్లలే ఎంచుకున్నారు. చెవికి పెంటమ్మ, నకుశా రెండూ బిడ్డను కించపరిచే పేర్లే. మొదటిది బిడ్డ బతకాలని పెట్టింది, రెండోది బిడ్డ పుట్టకుండా ఉండాల్సిందని పెట్టింది. బడిలో ఎవరూ ఎగతాళి చేయకపోయినా నకుశా అన్న పేరు ఆ పిల్లను రోజూ గాయపరుస్తుంది, ఎందుకంటే ఆ గాయం ఇంట్లోనే మొదలైంది. రాజ్యం జోక్యం చేసుకోవాల్సిన చోటు ఏదైనా ఉందంటే అది ఇదే.

అరుదైన పేరును గౌరవంగా మోసిన మనిషి మొన్నమొన్నటిదాకా మన మధ్యే ఉన్నారు. నాస్తికోద్యమ నాయకుడు గోరా 1930లో, ఉప్పు సత్యాగ్రహం నడిచిన ఏడాది పుట్టిన కొడుకుకు లవణం అని పేరు పెట్టారు. మరో కొడుకు సమరం. కులమూ మతమూ కనిపించని పేర్లు కావాలన్నది ఆ ఇంటి పట్టుదల. లవణం వినోబా భావే వెంట భూదాన యాత్రలో నడిచారు, ఆయన ప్రసంగాలను తెలుగులోకి అనువదించారు. కవి జాషువా కుమార్తె, తన భార్య హేమలతతో కలిసి స్టువర్టుపురంలో నేరస్థులన్న ముద్ర పడిన కుటుంబాల కోసం, జోగినుల కోసం పనిచేశారు. ఆంధ్ర కమ్యూనిస్టు కుటుంబాల్లో పుట్టిన స్టాలిన్లు, లెనిన్లు, గోర్కీలు కూడా ఇలాంటివారే. ఆ పిల్లలకు తమ పేరు వెనక ఒక కథ ఉందని తెలుసు, ఆ కథను నమ్మిన మనుషులు ఇంట్లోనూ వీధిలోనూ ఉన్నారు. ఎవరైనా నవ్వితే చెప్పడానికి జవాబు ఉంది.

ఇప్పటి కొత్త పేర్లలో చాలావాటికి ఆ జవాబు లేదు. వియాన్, కియాన్, రియాన్, అయాన్, వీటిలో ఒక్కొక్కటీ ఎవరికీ లేని పేరనే పెడుతున్నారు. నాలుగూ ఒకే తరగతిలో కూర్చున్నప్పుడు టీచరుకే తికమక. వీటికి ఎగతాళి బెడద తక్కువే, ఒప్పుకుంటాను. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు మరో చిక్కు ఉంది. మనకు నిండుగా వినిపించే హర్షిత్, రక్షిత్, దీక్షిత్ అక్కడి పిల్లల నోట్లో బూతుమాటగా మారతాయి. ఆ దేశంలో పెరగబోయే బిడ్డ పేరు అక్కడి పిల్లల చెవికి ఎలా వినిపిస్తుందో ముందే చూసుకోవడంలో తప్పు లేదు. అది జాగ్రత్తే. ఫ్లోరిడా బడుల రికార్డులను పరిశీలించిన ఆర్థికవేత్త డేవిడ్ ఫిగ్లియో కూడా ఆడపిల్లలకు ఎక్కువగా పెట్టే పేరున్న అబ్బాయిలు మాధ్యమిక పాఠశాలకు వచ్చేసరికి క్రమశిక్షణ సమస్యల్లో ఎక్కువగా చిక్కుకున్నారని చూపారు. కాబట్టి పేరుకు ప్రభావమే లేదని వాదించలేం. అయితే ఆడపిల్ల పేరుతో పిలిస్తే మగపిల్లవాడికి అవమానమని పిల్లలకు ఎవరు చెప్పారన్న ప్రశ్న అక్కడ కూడా మిగిలే ఉంటుంది.

మన చట్టం పేర్ల జోలికి పెద్దగా వెళ్లదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం కింద బిడ్డ పేరును తర్వాత కూడా చేర్చవచ్చు. మొదటి ఏడాది రుసుము లేకుండా, ఆపైన పదిహేనేళ్ల వరకు రుసుముతో. నమోదులో పొరపాటు ఉంటే సరిదిద్దవచ్చు. కానీ నచ్చని పేరు చట్టం దృష్టిలో పొరపాటు కాదు. 2023లో కేరళ హైకోర్టు, విడిపోయిన తల్లిదండ్రులు పేరు మీద ఏకాభిప్రాయానికి రాలేకపోతే, బిడ్డ సంక్షేమాన్ని ముందు పెట్టుకుని తానే పేరు ఖరారు చేసింది. అంతకు ముందు 2021 జూన్‌లో సుప్రీంకోర్టు సీబీఎస్ఈ ధ్రువపత్రాల కేసులో, తన పేరు తన అదుపులో ఉండటం మనిషి భావప్రకటన స్వేచ్ఛలో భాగమని చెప్పింది. నిషేధిత పేర్ల జాబితా కన్నా ఈ రెండో తీర్పు చూపిన దారే నాకు సరైనదిగా తోస్తుంది. పేరు పెట్టే స్వేచ్ఛ తల్లిదండ్రులకు ఉండాలి. దాన్ని మార్చుకునే తేలికైన దారి పిల్లలకు ఉండాలి.

ఆ దారి తెరవడానికి సరైన సమయం మన రెండు రాష్ట్రాల్లోనూ సిద్ధంగానే ఉంది. పదో తరగతి పరీక్షలకు నామినల్ రోల్స్ (పరీక్ష రాసే విద్యార్థుల వివరాల జాబితా) పంపేముందు పేరు, స్పెల్లింగు, పుట్టిన తేదీ సరిచూసుకోమని ప్రధానోపాధ్యాయులు చెబుతారు. ఆ తర్వాత పదో తరగతి మెమోలో పడిన పేరే పాస్‌పోర్టు దాకా వెంట వస్తుంది. మార్చాలంటే అఫిడవిట్, పత్రికా ప్రకటన, గెజిట్. అందుకే తొమ్మిదో తరగతిలోనే ప్రతి విద్యార్థినీ విడిగా పిలిచి, ‘ఈ పేరు నీకు సమ్మతమేనా’ అని అడిగే ఏర్పాటు కావాలి. మార్చుకోవాలంటే తల్లిదండ్రుల సంతకంతో ఒకే దరఖాస్తు చాలాలి, రుసుము ఉండకూడదు. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడం మొదలు అన్నిటికీ జనన ధ్రువపత్రమే ఆధారం కాబట్టి, అదే దరఖాస్తుతో పంచాయతీ లేదా మున్సిపాలిటీ రికార్డు కూడా మారాలి. అలాగే ఉపాధ్యాయ శిక్షణలో ఒక పూట పేర్లకు కేటాయించాలి. కొత్త పేరును పిల్లవాడినే అడిగి సరిగా పలకడం, మద్దిలేటి అన్నప్పుడు ఎవరైనా నవ్వితే పాఠం ఆపి మద్దిలేటి స్వామి కొలువు యాగంటికి ఎంత దగ్గరో, ఆ పేరు ఎన్ని ఊళ్లలో ఎన్ని ఇళ్లలో ఉందో తరగతికి చెప్పడం ఆ శిక్షణలో ఉండాలి.