డెబ్బై గ్రెయిన్ల మహర్షి

మన జిల్లాల్లో పంట కాపలాకు లైసెన్సు మీద ఉండే బర్మార్లకు, అంటే మూతి నుంచి మందూ గుండూ దట్టించే తుపాకులకు, గొట్టం లోపల నున్నగా ఉంటుంది. నల్లగొండ గడియారం సెంటర్‌లో చాయ్ తాగుతూ కొలువుదీరే మా మహర్షి తీర్పులు మాత్రం అమెరికాలో గురి పోటీలకు వాడే, అలాగే మూతి నుంచి దట్టించే, కానీ గొట్టంలో మెలి తిరిగిన గాడులున్న రైఫిళ్లకు సంబంధించినవి. వాటిని ఆయన ఫోన్‌లో తప్ప చూడలేదు. ఆ లోటు ఆయన జ్ఞానానికి ఎన్నడూ అడ్డు రాలేదు.

టెక్సాస్‌లో ఉద్యోగం చేసుకునే మన పిల్లలు ఫోన్ చేస్తారు. "కాకా, గుండ్లు చెదురుతున్నయి." "డెబ్బై గ్రెయిన్లు మందు పొయ్యి బిడ్డా." (గ్రెయిన్ అంటే తుపాకిమందుకు వాడే చిన్న కొలత.) "కాకా, గుండు లోపలికే దిగుతలేదు." "డెబ్బై." పక్క బల్ల మీది రైతు ఎకరానికి యూరియా ఎంతని అడిగినా ఆయన నోట అదే అంకె రావడం, ఆ రైతు దాన్ని శ్రద్ధగా రాసుకోవడం నేను కళ్లారా చూశాను.

48 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే గాడులా, 66కు ఒకటా అని ఆయన అడగడు. 0.50 అంగుళాల గొట్టానికి 0.490 గుండు, గుండుకు చుట్టి దించే 0.015 అంగుళాల మందం నూలు గుడ్డ అన్నది మొదలుపెట్టే చోటు మాత్రమేననీ, అక్కడి నుంచి మందునో గుడ్డనో ఒకసారికి ఒకటే మారుస్తూ ఆ గొట్టానికి నచ్చేదాన్ని వెతుక్కోవాలనీ చెప్పడు. పేల్చిన తర్వాత కొన్ని గజాల ముందు పడే గుడ్డను ఏరి చూస్తే సగం సంగతి తెలుస్తుంది: కాలి చిల్లు పడితే గుడ్డ పలుచనిదో, జిడ్డు చాలనిదో, కోసినట్టు చీలితే గాడుల అంచులు గాని, గొట్టం మూతి గాని పదునుగా ఉన్నట్టు. కానీ ఆ గుడ్డ కోసం నడుము వంచాలి, తీర్పుకు నాలుక చాలు.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. కానీ నల్ల తుపాకిమందు మసి పేరుకున్న గొట్టాన్ని మధ్యమధ్య తుడవకపోతే గుండు సగంలోనే ఇరుక్కుంటుంది. మందు మీద ఆనకుండా ఖాళీ మిగిలిన గుండును పేలిస్తే గొట్టం ఉబ్బుతుంది, పగులుతుంది, వేళ్లూ కళ్లూ పోతాయి. గుండు పూర్తిగా దిగిందో లేదో తెలియడానికి గుండును దట్టించే కడ్డీ మీద ఒక గీత గీసుకొమ్మని చెప్పడానికి ఈ పెద్దమనిషికి ఏం రోగం? మొన్న ఒక కుర్రవాడు నల్ల తుపాకిమందు దొరకడం లేదు, ఇప్పటి తూటాల్లో వాడే పొగరాని మందు పోయవచ్చా అని అడిగాడు. ఆ మందు ఈ గొట్టాన్ని బాంబులా పేల్చేస్తుందని, చచ్చినా పోయవద్దని అరవవలసిన చోట, చాయ్ గ్లాసు కింద పెట్టకుండానే డెబ్బై అన్నాడు. దానిని సలహా అనరు, హత్యాయత్నం అంటారు. ఆ ఫోన్ లాక్కుని నేనే అరిచాను.