క్యాడిలాక్ వారి వంశ ప్రతిష్ఠ

గొప్ప ఇంట్లో పుట్టడం అదృష్టం. గొప్ప ఇంట్లో పుట్టానని నలుగురి చేతా నమ్మించడం మాత్రం కష్టార్జితం. అదృష్టవంతుల గురించి గ్రంథాలు రాసిన చరిత్రకారులు ఈ కష్టజీవులను మాత్రం ఎప్పుడూ చిన్నచూపే చూశారు. ఆ లోటు తీర్చే ఉద్దేశంతో ఈ వారం అమెరికా వారి క్యాడిలాక్ కారుకు నీరాజనం పడుతున్నాను. నూట ఇరవై ఏళ్లు దాటిన ఈ కంపెనీ చరిత్రలో కారు అనే వస్తువు అప్పుడప్పుడూ అడ్డం వస్తుంది. పాఠకులు క్షమించాలి.

ముందు మూలపురుషుడి సంగతి. ఆంత్వాన్ లోమే అనే ఆయన 1658లో ఫ్రాన్సులోని గాస్కనీలో, ఓ చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి కోర్టు వ్యవహారాల మీద బతికే మామూలు మనిషి. జమీ లేదు, బిరుదు లేదు. పాతికేళ్ల వయసులో లోమే సముద్రం దాటి ఉత్తర అమెరికా వెళ్లాడు. 1687లో క్విబెక్‌లో పెళ్లి చేసుకునే నాటికి ఆయన లోమే కాదు, ఆంత్వాన్ ద లామోత్, క్యాడిలాక్ ప్రభువు. పెళ్లికొడుకు పుట్టుపూర్వోత్తరాలు కనుక్కుందామంటే మధ్యలో అట్లాంటిక్ మహాసముద్రం. అంత దూరం వెళ్లి విచారించి వచ్చే ఓపిక పెళ్లివారిలో ఎవరికుంటుంది? వంశచిహ్నం కూడా ఆయనే తయారు చేసుకున్నాడు. తన సొంతూరి దగ్గరి ఓ అసలు ప్రభువు చిహ్నం నుంచి కొంత ఎరువు తెచ్చుకుని, నల్లటి చిన్న పిట్టలను అందులో కూర్చోబెట్టాడు. చిహ్నాల శాస్త్రం ప్రకారం ఆ జాతి పిట్టలకు ముక్కూ ఉండదు, కాళ్లూ ఉండవు. లేని వంశానికి అంతకన్నా తగిన పక్షి ఎక్కడ దొరుకుతుంది!

ఈ ప్రభువే 1701 జూలై 24న ఓ నది ఒడ్డున కోట కట్టించాడు. అదే డెట్రాయిట్ అయింది. తర్వాత లూయిసియానాకు గవర్నరయ్యాడు. ఫ్రాన్సుకు తిరిగి వెళ్లాక రాజుగారు బాస్టీల్ జైల్లో కొన్ని నెలలు ఉంచారు. గొప్పవాళ్ల జీవితాల్లో ఇవన్నీ మామూలే.

ఇక 1902. డెట్రాయిట్‌లో ఓ కార్ల కంపెనీ మూతపడబోతోంది. పెట్టింది హెన్రీ ఫోర్డ్. డబ్బు పెట్టిన భాగస్వాములతో పడక, 900 డాలర్లూ తన పేరు మీద హక్కూ పుచ్చుకుని వెళ్లిపోయాడు. మిగిలిన యంత్రాలకు వెల కట్టించి అమ్మేద్దామని భాగస్వాములు హెన్రీ లీలాండ్ అనే పెద్దాయనను పిలిపించారు. వెల కట్టడానికి వచ్చిన మనిషి, అమ్మకండి, నా దగ్గర మంచి ఇంజిన్ ఉంది, దాంతో కార్లు చెయ్యండి అన్నాడు. పేరు ఫోర్డ్ పట్టుకుపోయాడు కాబట్టి కొత్తది కావాలి. ఊరు పుట్టి రెండొందల ఏళ్లయిందని అంతకు ముందు ఏడాదే సంబరాలు జరిగాయి. ఆ వేడిలో ఊరు కట్టిన ప్రభువు పేరే కంపెనీకి పెట్టారు. తర్వాత ఆయన పిట్టలను కూడా తెచ్చి కారు ముందు అతికించారు. అంటే, ఒకాయన లేని గొప్పతనానికి చేయించుకున్న ముద్రను, అప్పుడప్పుడే పుట్టిన కంపెనీ వారసత్వంగా తీసుకుంది. ఇంత పవిత్రమైన ఆరంభం వేరే ఏ కంపెనీకీ లేదు.

అయితే ఇక్కడో అపశ్రుతి దొర్లింది. లీలాండ్ నిజంగానే పనిమంతుడు. తుపాకుల కర్మాగారాల్లో పని నేర్చిన చెయ్యి. ఆ రోజుల్లో ఏ కారు భాగం ఆ కారుకే, అదీ ఆకురాయితో గీకి గీకి సరిపెడితేనే. లీలాండ్‌కి ఆ గీకుడు నచ్చలేదు. అంగుళంలో వెయ్యో వంతు తేడా వచ్చినా ఊరుకునేవాడు కాదు. 1908లో లండన్ దగ్గరి బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద, రాయల్ ఆటోమొబైల్ క్లబ్ పెద్దల ఎదుట మూడు క్యాడిలాక్‌లను నట్టూ బోల్టూ దాకా విప్పేశారు. భాగాలన్నీ కలగాపులగం చేశారు. కొన్ని తీసేసి, వాటి బదులు కొట్లో అమ్మకానికున్నవి తెచ్చి వేశారు. మెకానిక్కుల చేతికి రెంచీలు, స్క్రూడ్రైవర్లు ఇచ్చి మళ్లీ బిగించమన్నారు. బిగించారు. మూడు కార్లూ స్టార్టయి ట్రాక్ మీద 500 మైళ్లు తిరిగాయి. కొలతల్లో అమెరికా వాళ్లు మొరటువాళ్లని నమ్మే ఇంగ్లీషు వాళ్లు మారు మాట్లాడకుండా డ్యూవర్ ట్రోఫీ ఇచ్చేశారు. అప్పటి నుంచి కంపెనీ తనను తాను 'ప్రపంచానికే ప్రమాణం' అని పిలుచుకుంది.

ఉన్న గొప్పతనాన్ని చెప్పుకోవడం ఈ వంశానికి తగని పని. కానీ ఆ తప్పు ఇంకా కొన్నాళ్లు సాగింది. అప్పట్లో కారు స్టార్ట్ చెయ్యాలంటే ముందు హ్యాండిల్ పెట్టి తిప్పాలి. ఇంజిన్ ఎదురు తిరిగితే మణికట్టు విరిగేది. చార్లెస్ కెటరింగ్ అనే ఇంజినీరు తయారు చేసిన కరెంటు స్టార్టర్‌ను 1912 మోడల్‌లో పెట్టి, ఆడవాళ్లూ ముసలివాళ్లూ కూడా కారు నడిపే వీలు కల్పించారు. 1914లో వీ8 ఇంజిన్ తెచ్చారు.

అదృష్టవశాత్తూ ఆ ఇంజిన్ మొదట్లో కొంత పేచీ పెట్టింది. పోటీ కంపెనీలు నవ్వాయి. దానికి జవాబుగా 1915 జనవరి 2న ఓ వారపత్రికలో కంపెనీ ప్రకటన ఇచ్చింది. రాసినవాడు థియొడోర్ మెక్‌మానస్. పేజీ నిండా వేదాంతం. ముందు నడిచేవాడి మీద అసూయపరులు రాళ్లేస్తారు, అయినా గొప్పది గొప్పగానే నిలుస్తుంది అని. వ్యాసంలో ఎక్కడా కారు లేదు, ఇంజిన్ లేదు, ధర లేదు. ఆ ప్రకటన ఒక్కసారే వచ్చింది. కాపీలు కావాలని జనం ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు. మూలపురుషుడి ఆత్మ ఆ రోజు శాంతించి ఉంటుంది.

లీలాండ్ 1917లో వెళ్లిపోయాడు. లింకన్ అనే కంపెనీ పెట్టుకున్నాడు. అది దివాలా తీస్తే 1922లో 80 లక్షల డాలర్లకు కొన్నది ఎవరనుకున్నారు? హెన్రీ ఫోర్డే. కొన్ని నెలలకే లీలాండ్ బయటికొచ్చేశాడు. కొలతలు సరిగ్గా ఉండాలని పట్టుబట్టేవాళ్ల గతి ఇంతే.

1930 జనవరిలో, అమెరికా షేర్ మార్కెట్ కుప్పకూలిన మూడు నెలలకు, క్యాడిలాక్ 16 సిలిండర్ల ఇంజిన్‌తో కారు విడుదల చేసింది. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అని మనవాళ్లు ఎగతాళిగా అంటారు గానీ, అందులోని ఆత్మగౌరవాన్ని గుర్తించింది డెట్రాయిటే. మెతుకు మాత్రం నిజంగానే అయిపోయింది. 1932కల్లా క్యాడిలాక్‌ను మూసేద్దామా అని, దాని యజమాని కంపెనీ జనరల్ మోటార్స్ పెద్దలు ఆలోచనలో పడ్డారు.

అప్పుడు కంపెనీ ప్రతిష్ఠ కోసం పాటిస్తున్న నియమం ఒకటుంది. నల్లవాళ్లకు క్యాడిలాక్ అమ్మకూడదు. సర్వీసు విభాగం చూసే నికొలస్ డ్రేస్టాట్‌కు మాత్రం మరమ్మతుకొచ్చే కార్లలో చాలావాటికి నల్లజాతి యజమానులే కనిపిస్తున్నారు. బాక్సర్లు, గాయకులు, డాక్టర్లు, లాయర్లు. ఎలా కొన్నారయ్యా అంటే, ఓ తెల్లాయనకు కొంత డబ్బిచ్చి, ఆయన పేరు మీద కొనిపించుకున్నారు. మంచి పేటలో ఇల్లు అమ్మరు, మంచి హోటల్లో గది ఇవ్వరు, క్లబ్బు గుమ్మం తొక్కనివ్వరు. డబ్బుండీ దాన్ని చూపించుకోవడానికి వాళ్లకు మిగిలింది వీధిలో నడిపే కారొక్కటే. డ్రేస్టాట్ పెద్దల సమావేశంలోకి వెళ్లి, ఆ దళారి తినే డబ్బేదో మనమే తినొచ్చు కదా అన్నాడు. న్యాయం, సమానత్వం లాంటి మాటలు వాడినట్టు లేదు. వాడితే పని జరిగేది కాదు. పెద్దలు ఒప్పుకున్నారు. 1934కు అమ్మకాలు తేరుకున్నాయి, కంపెనీ బతికింది. ఎవరు తాకితే మైలపడతామనుకుందో వాళ్ల డబ్బుతోనే ఆ ఇంటి దీపం ఆరకుండా నిలిచింది. కులం చూసి సరుకు అమ్మే కొట్లు మన ఊళ్లలోనూ ఉండేవి. వాటికి డ్రేస్టాట్ లాంటి లెక్కల మనిషి దొరికినట్టు లేదు.

యుద్ధం అయ్యాక అసలు వైభవం మొదలైంది. డిజైన్ విభాగాన్ని ఏలుతున్న హార్లీ ఎర్ల్, రెండు తోకలున్న పీ-38 యుద్ధవిమానాన్ని చూసి ముచ్చటపడ్డాడు. 1948 క్యాడిలాక్‌కు వెనక చిన్న రెక్కలు మొలిచాయి. వాటి ఉపయోగం ఏమిటని అడిగినవాళ్లున్నారు. అలాంటివాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఏటా రెక్కలు పెరుగుతూ పోయి 1959కి మనిషి నడుము దాటాయి. కారు పొడవు ఐదున్నర మీటర్ల పైనే. ఎగరలేదు గానీ, ఎగరదలచుకుంటే ఎగరగలనన్నట్టు ఉండేది. 1957లో వచ్చిన ఎల్డొరాడో బ్రోమ్ ధర 13,074 డాలర్లు. అందులో అత్తరు సీసా, సిగరెట్ల పెట్టె, అయస్కాంతంతో అంటుకుని ఉండే మందు గ్లాసులు కంపెనీయే ఇచ్చేది. స్ప్రింగుల బదులు గాలి సంచులు పెట్టారు. గాలి కారిపోయేది. పొద్దున్నే చూస్తే కారు పొట్ట నేలకానించి కూలబడి ఉండేది. చాలామంది చివరికి మామూలు స్ప్రింగులే వేయించుకున్నారు. అత్తరు మాత్రం ఎవరూ తీసేయించలేదు.

ఎల్విస్ ప్రెస్లీ 1955లో నీలం క్యాడిలాక్ కొని, గులాబీ రంగు వేయించి తల్లికిచ్చాడు. ఆవిడకు డ్రైవింగ్ రాదు. దాన్ని లోపంగా ఎవరూ భావించలేదు.

డెబ్బైల నుంచి కంపెనీ పూర్తిగా మూలపురుషుడి బాట పట్టింది. 1976లో, టాపు తీసే అమెరికా కార్లలో ఇదే ఆఖరిదని ఎల్డొరాడోను అమ్మింది. చరిత్ర కొంటున్నామని జనం ఎగబడి కొని, షెడ్లలో దాచి, ధర పెరుగుతుందని కాచుకు కూర్చున్నారు. 1984లో కంపెనీ మళ్లీ టాపు తీసే కారు తెచ్చింది. దాచుకున్నవాళ్లు కోర్టుకెక్కారు. ప్రభువుల మాటను అక్షరాలా నమ్మడం ఏం పద్ధతి? 1981లో పెట్రోలు ఆదాకు, అవసరాన్ని బట్టి ఎనిమిది, ఆరు, నాలుగు సిలిండర్ల మీద నడిచే ఇంజిన్ తెచ్చారు. కంప్యూటరుకు అవసరమేదో తేల్చుకోవడం కష్టమైంది. డీలర్లు ఓ వైరు పీకేసి శాంతి నెలకొల్పారు.

శిఖరం మాత్రం 1982లో వచ్చిన సిమరాన్. షెవర్లే కావలియర్ అనే చవక కారుకు తోలు సీట్లు, క్యాడిలాక్ బిళ్ల తగిలించి 12 వేల డాలర్లకు అమ్మారు. పైన పటారం, లోన లొటారం అని విమర్శకులు తిట్టిపోశారు. తర్వాతి కాలంలో కంపెనీ అధికారి ఒకాయన ఆ కారు బొమ్మను గోడకు తగిలించి, కింద 'మరిచిపోకూడదు' అని రాసుకున్నాడట. ఎంత కృతఘ్నత! లోమే 1687లో చేసింది సరిగ్గా ఇదే. ఆయన పేరు మీద కంపెనీ నడుస్తోంది, సిమరాన్‌కు మాత్రం సంజాయిషీ.

1987లో వచ్చిన అలాంటే కారుకు బాడీ ఇటలీలోని ట్యూరిన్‌లో తయారయ్యేది. దాన్ని ప్రత్యేకంగా మలిచిన 747 విమానాల్లో, ఒక్కో విమానానికి 56 చొప్పున డెట్రాయిట్‌కు మోసుకొచ్చి ఇంజిన్ పెట్టేవారు. ప్రపంచంలో అతి పొడవైన అసెంబ్లీ లైన్ అని గొప్పగా చెప్పుకున్నారు. నిజమే, అందులో సముద్రం కూడా ఉంది.

తొంభైల చివర్లో జనరల్ మోటార్స్‌దే మరో బ్రాండయిన జీఎంసీ వాళ్ల బండి ఒకదానికి బిళ్ల మార్చి ఎస్కలేడ్ అన్నారు. ఇది సిమరాన్ కిటుకే, కాకపోతే ఈసారి బండి చాలా పెద్దది కాబట్టి ఎవరూ తిట్టలేదు. ర్యాప్ గాయకులు ముచ్చటపడ్డారు, కంపెనీ కోలుకుంది. 1930లలో ఆదుకున్నవాళ్ల మనవలే మళ్లీ ఆదుకున్నారని నేనంటే, కంపెనీ వాళ్లు దాన్ని మార్కెటింగ్ అంటారు. అమెరికా అధ్యక్షుడి కారు కూడా క్యాడిలాకే. 2020లో ఆయనతో పాటు అహ్మదాబాద్ వచ్చింది. లోపల లారీ చట్రమే ఉంటుందని అంటారు.

మన దేశంలో కంపెనీ దుకాణం తెరవలేదు. మనవాళ్లే డెట్రాయిట్ వెళ్లారు. ట్రాయ్, నోవై, ఫార్మింగ్‌టన్ హిల్స్‌లో తెలుగు వాళ్ల ఇళ్లు బోలెడు. అందులో కార్ల కంపెనీల ఇంజినీర్లూ చాలామందే. క్యాడిలాక్ గీసే వాళ్లూ, లెక్క కట్టే వాళ్లూ ఉన్న ఆ ఇళ్ల ముందు ఆదివారం చూస్తే టొయోటాలు, హోండాలే ఎక్కువ కనిపిస్తాయి. రీసేల్ వాల్యూ అండీ అంటారు. సంబంధాలు చూసేటప్పుడు వంశం అడిగే జాతి, కారు దగ్గరికొచ్చేసరికి మైలేజీ అడగడం నాకు మింగుడుపడదు.

2014లో ఆఫీసును న్యూయార్క్ సోహోకు తరలిస్తున్నట్టు కంపెనీ ప్రకటించింది. కింద అంతస్తులో కాఫీ, ఫ్యాషన్ ప్రదర్శనలు. నాలుగైదేళ్లలో మళ్లీ మిషిగన్ చేరింది. పిట్టలను అప్పటికే, 2000 ప్రాంతంలో, చిహ్నంలోంచి తీసేశారు. కాళ్లు లేనివి ఎక్కడికి వెళ్లాయో తెలియదు.

ఇప్పుడు కరెంటు కార్లొచ్చాయి. చేత్తో చేసే సెలెస్టిక్ ధర మూడు లక్షల డాలర్లు దాటింది. 2026 సీజన్ నుంచి ఫార్ములా వన్‌లో క్యాడిలాక్ పదకొండో జట్టుగా దిగింది. ఒకడు మెక్సికో డ్రైవరు, ఒకడు ఫిన్లాండ్ డ్రైవరు. సొంత ఇంజిన్ ఇంకా తయారు కాలేదు, కొన్నేళ్లు పడుతుంది. అందాకా ఫెరారీ వాళ్ల దగ్గర కొన్న ఇంజిన్‌తో పరుగెడుతున్నారు. బిళ్ల మాత్రం మొదటి రోజు నుంచే పెట్టుకున్నారు.