కుటిలమంటే వంపా, వంచనా?

(మూడేళ్ల మనవరాలి ఫోటో కింద "కుటిల కుంతల" అని రాద్దామన్నారు మావయ్య. పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకున్న తల్లి, ఆయన మేనకోడలు, ఒప్పుకోలేదు.)

మేనకోడలు: మావయ్యా, పిల్ల ఫోటో కింద కుటిల అనే మాట వద్దు. చూసినవాళ్లు ఏమనుకుంటారు?

మావయ్య: జుట్టు ఉంగరాలు తిరిగి ఉందనుకుంటారు. ధాతువు అర్థమే వంపు తిరగడం. మోసమనే అర్థం తర్వాత అంటుకుంది. భాగవతంలో గోపికలు కృష్ణుడు కనబడక ఏడుస్తూ "కుటిల కుంతలం" అనే ఆయన ముఖాన్ని తలుచుకుంటారు. ఎంత ప్రేమగా అన్న మాటమ్మా అది! ఉత్తరాదిలో ఒక పాత లిపికి కుటిల లిపి అనే పేరుంది, అక్షరాలు వంపు తిరిగి ఉంటాయని. ఆ అక్షరాలు ఎవరిని మోసం చేశాయి?

మేనకోడలు: పేపర్లో కుటిల పక్కన ఏముంటుంది? రాజకీయం, బుద్ధి, పన్నాగం. రోజూ వాటితో తిరిగే మాటకు వాటి వాసనే పడుతుంది.

మావయ్య: వక్రబుద్ధి అంటాం. అయినా చవితినాడు వక్రతుండా అని దండం పెట్టలేదూ?

మేనకోడలు: అక్కడ తొండం కళ్లెదుటే ఉంటుంది. కుంతలమంటే జుట్టని ఇప్పుడు ఎంతమందికి తెలుసు? తెలియనివాళ్లకు మిగిలేది కుటిల ఒక్కటే. నన్ను బళ్లో "వంకర జుట్టు" అనేవాళ్లు. వంకర కూడా ఆకారమే, నెలవంకలో ఉన్నదీ ఆ వంకే. కానీ నాకు మాత్రం నాలో ఏదో తప్పుందని వినబడేది. ఏడో తరగతి దాకా ఆముదం పట్టించి, కణతలు లాగేసేలా రెండు జడలు బిగించుకుని వెళ్లేదాన్ని.

మావయ్య: (కాసేపు ఆగి) ఈ సంగతి నాకు తెలియదమ్మా. కానీ ఎవరూ వాడకపోతే ఆ అర్థం చచ్చిపోతుంది. నా బాధ అది.

మేనకోడలు: దీనికి పద్యాలు నేర్పేటప్పుడు ఆ అర్థం కూడా మీరే చెప్పండి. ఫోటో కింద మాత్రం "ఉంగరాల జుట్టు" అని రాద్దాం.

మావయ్య: అన్నీ ఉంగరాలేనా? నుదుటి మీదవి చూడు, కాస్త వంగి ఆగిపోయాయి. అవి వంకీలు. మెడ దగ్గర చెమటకు తడిసిన పాయ ఒకటి మెల్లగా లాగి వదులు. మళ్లీ సున్నాలా చుట్టుకుందా? అదీ ఉంగరమంటే.

మేనకోడలు: అయితే రెండూ రాద్దాం మావయ్యా.