మొగ దాకా వచ్చే అతిథికి

కార్తీకమాసం వచ్చిందంటే శ్రీకాకుళం జిల్లా జనం సముద్రం వైపు కదులుతారు. కళింగపట్నం, భావనపాడు, బారువ. ఆటోలు, బైకులు, ట్రాక్టర్లు. సరుగుడు తోటల్లో పొయ్యిలు వెలుగుతాయి, పిల్లలు పరుగెత్తుకెళ్లి నీళ్లలో దిగుతారు. అలా వెళ్లినవాళ్లలో ఏదో ఒక ఊరి కుర్రాడు ఇంటికి తిరిగి రాలేదన్న వార్త అచ్చువేయాల్సి వచ్చిన ప్రతిసారీ మాకు చేతులాడవు.

వంశధార కళింగపట్నం దగ్గర, మహేంద్రతనయ బారువ దగ్గర సముద్రంలో కలుస్తాయి. నది కలిసే ఆ చోటుని మత్స్యకారులు మొగ అంటారు. వరద వచ్చి వెళ్లాక మొగ దగ్గర ఇసుకదిబ్బ జరిగిపోతుంది. పోయినసారి మోకాలి లోతు ఉన్నచోట ఈసారి నిలువెత్తు మనిషి మునుగుతాడు. పైకి నీళ్లు నిమ్మళంగానే ఉంటాయి, అడుగున నది ఒకవైపు, పోటు ఒకవైపు లాగుతుంటాయి. ఆ నీటి రంగు చూసి లోతు చెప్పగలిగినవాళ్లు పక్కనే వలలు బాగుచేసుకుంటూ కూర్చుని ఉంటారు. వాళ్లలో నలుగురికి నెలజీతం ఇచ్చి, విజిల్, తాడు, లైఫ్ జాకెట్లు చేతికిచ్చి ఏడాది పొడుగునా అక్కడే ఉంచాలి. పర్యాటకం పేరు మీద మేము అడిగే మొదటి పని ఇది. రెండోది ఆడవాళ్లు వెళ్లగలిగేలా శుభ్రమైన మరుగుదొడ్లు. రిసార్టుల మాట తర్వాత చూసుకోవచ్చు.

193 కిలోమీటర్ల తీరం ఉందని చెప్పుకున్నప్పుడల్లా మన మాట రిసార్టుల దగ్గరికే పోతుంది. విశాఖ బీచ్ రోడ్డులో దొరికేది ఇక్కడా దొరకాలన్న ఆలోచన అది. ఒక్క గార మండలం తిరిగి చూస్తే ఇక్కడి సంపద వేరని తెలుస్తుంది. శాలిహుండం కొండ మీది బౌద్ధ స్తూపాలని 1919లో వెలుగులోకి తెచ్చింది గిడుగు వెంకట రామమూర్తి. వాడుక భాష కోసం పోరాడిన మన గిడుగువారే. ఆ ఇటుకల మధ్య నిలబడితే కింద వంశధార, దాని పక్కన పొలాలు కనిపిస్తాయి. గాలి చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించని ఉదయాలు అక్కడ ఇప్పటికీ ఉన్నాయి. అంత పెద్ద చరిత్రని వచ్చినవాళ్లకి కూర్చోబెట్టి చెప్పేందుకు చదువుకున్న స్థానిక యువకులని ఇద్దరిని పెట్టుకోలేమా?

అదే మండలంలో శ్రీకూర్మం. విష్ణువుని తాబేలు రూపంలో కొలిచే గుడి అది. గుడికి కాస్త దూరంలోని తీరానికే జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. తల్లి చీకట్లో ఇసుక తవ్వి, గుడ్లు పెట్టి, పూడ్చి వెళ్లిపోతుంది. నెలన్నర, రెండు నెలలకి పిల్లలు పైకి వచ్చి వెలుతురు ఉన్నవైపు నడుస్తాయి. చీకటి తీరంలో ఆ వెలుతురు సముద్రానిది. ఒడ్డున ఫ్లడ్‌లైట్లు పెడితే అవి ఊరివైపు తిరిగి కుక్కల పాలవుతాయి. బీచ్ సుందరీకరణ అంటూ వరసగా దీపస్తంభాలు వేసేముందు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి. కూర్మనాథుడికి దండం పెట్టే జిల్లా ఇది.

అతిథిని ఎలా చూసుకోవాలో నేర్చుకోవాలంటే టెక్కలి మండలం తేలినీలాపురం వెళ్లాలి. ఏటా గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఆ ఊరి చెట్ల మీదే గూళ్లు కట్టుకుంటాయి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి నత్తగుల్ల కొంగలు వస్తాయి. రెట్టలు, వాసన, రాత్రంతా అరుపులు. ఆ ఊళ్లవాళ్లు అన్నీ భరిస్తారు. పక్షులు వస్తే ఊరికి మంచి జరుగుతుందని వాళ్ల నమ్మకం. తేలినీలాపురం పక్షులకి తిండి దొరికేది నౌపడ ఉప్పుమడుల చుట్టూ ఉన్న చిత్తడి నేలల్లో. ఇలాంటి నీళ్లు నిలిచే పల్లపు నేలలనే ఇక్కడ తంపర, బీల అంటారు. థర్మల్ ప్లాంట్లు వద్దంటూ 2010 జూలైలో సోంపేట బీల కోసం, 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లి తంపర కోసం జనం రోడ్డెక్కి, పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నారు. పర్యాటక పోస్టర్ మీద గూడబాతు బొమ్మ వేసేవాళ్లకి ఈ చరిత్ర తెలిసి ఉండాలి. అదే ప్రాంతంలోని మూలపేట పోర్టుతో పనులు వస్తాయి, మేము వద్దనం. తంపరల్లోకి నీళ్లు వచ్చే దారులు మాత్రం మూసుకుపోకూడదు.

విజయనగరం జిల్లాకీ తీరం ఉంది. చింతపల్లి లైట్‌హౌస్, చంపావతి నది సముద్రంలో కలిసే కోనాడ. అక్కడా మొగ ఉంది, అక్కడా కాపలా కావాలి.

మళ్లీ శ్రీకాకుళం జిల్లాకి వస్తే, పలాస, సోంపేట వైపు ఉన్న ఉద్దానం గురించి కాస్త ఆగి మాట్లాడాలి. కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య నడుస్తుంటే మండుటెండలో కూడా నీడ వదలని నేల అది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఆ నీడని ఒక్క రాత్రిలో పడగొట్టింది. కొబ్బరి మొక్క నాటి కాయ కోయాలంటే ఏళ్లు ఆగాలి. ఇన్నాళ్లకీ కారణం ఇదీ అని తేలని కిడ్నీ జబ్బు ఇంకోవైపు. అలాంటి రైతు తన ఇంట్లో ఒక గది శుభ్రం చేసి, పనసకాయ కూరతో భోజనం పెట్టి నాలుగు రూపాయలు సంపాదించుకుంటానంటే ఆఫీసుల చుట్టూ తిప్పకూడదు. అనుమతి మండలంలోనే దొరకాలి. చిన్న అప్పు బ్యాంకు ఇవ్వాలి. పలాసలో రైలు దిగినవాళ్లు సాయంత్రం పూట ఆటో బేరాలాడకుండా ఆ ఊళ్లకి చేరేలా బస్సు ఉండాలి.

ఇక్కడి మత్స్యకారులు పని కోసం గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్తున్నారు. 2018 చివర్లో అలా వేటకెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లు పాకిస్తాన్‌కి పట్టుబడి, 2020 జనవరిలో గానీ ఇల్లు చేరలేదు. పర్యాటకం ఈ వలసని ఆపేస్తుందని మేము అనడం లేదు. ఒడ్డున కాపలాగా నలుగురికి, నదిలో పడవ తిప్పుతూ మరికొందరికి సొంతూళ్లో జీతం దొరికినా ఆ ఇళ్లలో అది పెద్ద మాటే.

తాబేళ్లు వచ్చేది జనవరిలో. అప్పటికల్లా తీరంలో రాత్రి దీపాలు ఆర్పే వేళలు ఖరారు చేయాలి. మొగ దగ్గర ఆ నలుగురు మాత్రం ఈ కార్తీకంలో వచ్చే ఆదివారానికే ఉండాలని జిల్లా యంత్రాంగాన్ని అడుగుతున్నాం.